గొట్టం వేస్తే గాలంతా పోతుందా? గెలీలియో తాడు, ఆకాశానికి నిచ్చెన

స్పేస్ ఎలివేటర్ అన్న మాట ఎత్తగానే సాఫ్ట్‌వేర్ జనాభా రెండు వర్గాలుగా చీలిపోతుంది. "ఇంకో ఇరవై ఏళ్లలో వచ్చేస్తుంది, కార్బన్ నానోట్యూబులు ఉన్నాయిగా" అనేది మొదటి వర్గం. "భూమ్మీంచి అంతరిక్షం దాకా గొట్టం వేస్తే, పైనున్న శూన్యం మన గాలినంతా స్ట్రా పెట్టి కొబ్బరినీళ్లు తాగినట్టు లాగేయదూ?" అనేది రెండోది. మొదటి వర్గం రెండో వర్గాన్ని చూసి నవ్వుతుంది. నన్నడిగితే మాత్రం ఆ రెండో ప్రశ్నే మంచి ప్రశ్న. పదిహేడో శతాబ్దంలో యూరప్ పండితులు దాదాపు ఇరవై ఏళ్లు ఈ "లాగడం" మీదే కొట్టుకున్నారు. ఆ గొడవలో గెలీలియో ఒక తప్పు జవాబిచ్చాడు. ఆ తప్పు జవాబే మూడొందల ఏళ్ల తర్వాత స్పేస్ ఎలివేటర్‌కి అసలు లెక్క అయి కూర్చుంది. ఈ టపా ఆ కథ గురించి.

గొట్టంతో నీళ్లు లాగడం దగ్గర మొదలెడదాం. అరిస్టాటిల్ కాలం నుంచీ అందరూ నమ్మింది ఏంటంటే, ప్రకృతికి శూన్యమంటే గిట్టదు, ఎక్కడ ఖాళీ ఏర్పడబోతే అక్కడికి ఏదో ఒకటి పరిగెత్తుకొస్తుంది అని. పంపులో పిస్టన్ పైకి లాగితే నీళ్లు వెంటపడి ఎక్కేది అందుకేనట. బాగానే ఉంది. కానీ బావులు తవ్వేవాళ్లకీ, గనుల్లో నీళ్లు తోడేవాళ్లకీ ఇంకో సంగతి తెలుసు. సుమారు పది మీటర్లు దాటితే ఎంత మంచి పంపైనా చేతులెత్తేస్తుంది. ప్రకృతికి శూన్యం గిట్టకపోవడం పది మీటర్ల దాకానేనా? పదకొండో మీటర్లో గిట్టడం మొదలవుతుందా?

(ఈ పది మీటర్ల సంగతి మన రైతులకి పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. రాయలసీమలో, తెలంగాణలో బావి నీళ్లు కిందకి పోతున్న కొద్దీ మోటారుని కూడా బావిలో గట్టు మీదకి దించుకుంటూ పోయేవారు. ఒడ్డున పెట్టి లాగితే రాదు. లెక్కకి పది మీటర్లు, పనిలో ఏడెనిమిది మీటర్లే. బోర్లొచ్చాక మోటారుని ఏకంగా నీళ్లలోనే ముంచేసి, లాగడం మానేసి కింద నుంచి తోయించడం మొదలెట్టారు. సబ్‌మెర్సిబుల్ అంటే అదే కదా.)

1630లో జెనోవా నుంచి బలియాని అనే ఆయన గెలీలియోకి ఓ ఉత్తరం రాశాడు. ఒక గుట్ట మీదుగా నీళ్లు దాటించడానికి గొట్టం వేశారు. అటూ ఇటూ నీళ్లు నింపితే సైఫన్ పద్ధతిలో గుట్టెక్కి అవతలికి దిగాలి. గుట్ట ఎత్తు సుమారు 21 మీటర్లు. ఎన్నిసార్లు చేసినా పనిచెయ్యదు. ఎందుకు? ఈ గుట్టని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గెలీలియో చెప్పిన జవాబు, తర్వాత 1638లో అచ్చయిన తన ఆఖరి పుస్తకం 'రెండు కొత్త శాస్త్రాలు'లో కూడా పెట్టిన జవాబు ఇది: నీటి స్తంభం పైనుంచి వేలాడదీసిన తాడు లాంటిది. తాడుని పొడుగు చేస్తూ పోతే ఎక్కడో ఒకచోట తన బరువుకి తానే తెగిపోతుంది. నీళ్ల తాడు పద్దెనిమిది మూరల దగ్గర (ఆయన మూర మన మూర కంటే పెద్దది, సుమారు 58 సెంటీమీటర్లు) తెగిపోతుందన్నమాట. అక్కడితో ఆగకుండా ఒక రాగి తీగని కూడా లెక్కేశాడు. మూరెడు తీగ బరువు ఔన్సులో ఎనిమిదో వంతు, అది మోయగలిగేది యాభై పౌన్లు అనుకుంటే, రాగి తీగ ఏదైనా సరే, 4801 మూరల పొడవు దాటితే తన బరువుకి తానే తెగుతుంది. లావు పెంచినా లాభం లేదు. లావు రెట్టింపైతే బలం రెట్టింపే, బరువూ రెట్టింపే. 4801 మూరలంటే సుమారు 2.8 కిలోమీటర్లు. ఇప్పటి రాగి బలంతో లెక్కేసినా రెండున్నర కిలోమీటర్ల దగ్గరే తేలుతుంది. ఉదాహరణకి వేసుకున్న అంకెలే గానీ ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి.

నీళ్ల విషయంలో ఆయన చెప్పింది పూర్తిగా తప్పు. చిత్రమేంటంటే గాలికి బరువుందని నిరూపించి, నీళ్లు గాలి కంటే సుమారు 400 రెట్లు బరువని కొలిచిందీ (అసలు విలువ 800కి దగ్గర) అదే గెలీలియో, అదీ అదే పుస్తకంలో. రెండు మాడ్యూళ్లూ తనే రాసి రెంటినీ కలపడం మర్చిపోయినట్టు! బలియాని అదే ఏడాది తిరుగు ఉత్తరంలో "కాదు, బయట గాలి బరువే నీళ్లని తోస్తోందేమో" అని రాశాడు. పెద్దాయన ఒప్పుకోలేదు.

తేల్చింది ఆయన శిష్యుడు టొరిచెల్లి. నీళ్లకి పది మీటర్ల గొట్టం కావాలి (1640 ప్రాంతంలో రోమ్‌లో బెర్తి అనే ఆయన ఇంటి గోడకి అంత గొట్టం బిగించి మరీ చూశాడు). టొరిచెల్లి నీళ్లకి పదమూడున్నర రెట్లు బరువైన పాదరసం తీసుకున్నాడు. దాంతో గొట్టం మీటరుకి దిగింది, బల్ల మీద ప్రయోగమైపోయింది. పాదరసం 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది, పైన ఖాళీ. 1644 జూన్‌లో రోమ్‌లోని స్నేహితుడు రిచ్చికి దీని గురించి ఉత్తరం రాశాడు. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం అన్న ఊహ ఆ ఉత్తరంలోదే.

ఆ ఉత్తరంలో అంతగా ప్రచారం కాని సంగతి ఒకటుంది. టొరిచెల్లి ఒక గొట్టం కాదు, రెండు గొట్టాలు పెట్టాడు. ఒకటి మామూలుది, రెండోదానికి పైన పెద్ద బుడ్డి. పైనున్న శూన్యమే లాగుతున్నట్టయితే, బుడ్డి ఉన్నదాంట్లో శూన్యం ఎక్కువ కాబట్టి పాదరసం ఇంకా పైకెక్కాలి కదా? ఎక్కలేదు. రెండూ సరిగ్గా ఒకే మట్టంలో ఆగాయి. అంటే శూన్యం ఎంతున్నా అది చేసే పని సున్నా. పని చేసేదంతా కింద నుంచి తోసే గాలి. మన రెండో వర్గం ప్రశ్నకి జవాబు ఆ బుడ్డితోనే వచ్చేసింది: పైన ఎంత అంతరిక్షం ఉన్నా లాగదు.

అయినా అందరూ ఒప్పుకోలేదు. గాలి బరువే కారణమైతే కొండెక్కితే పైన గాలి తగ్గాలి, పాదరసం దిగాలి. పారిస్‌లో ఉన్న బ్లేజ్ పాస్కల్‌కి ఈ పరీక్ష కావాలి, కానీ ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం, పైగా పారిస్ చుట్టుపక్కల కొండలెక్కడివి? సొంతూరు క్లెర్మాంలో ఉన్న బావగారు ఫ్లోరాన్ పెరియేకి 1647 నవంబర్‌లో ఉత్తరం రాసి పని అప్పజెప్పాడు. (నేను డిజైన్ ఇస్తా, నువ్వు ఆన్‌సైట్ వెళ్లి టెస్ట్ చెయ్యి!) బావగారికి తీరిక దొరికి, వాతావరణం అనుకూలించేసరికి పది నెలలు పట్టింది.

1648 సెప్టెంబర్ 19. ఊళ్లో ఉన్న మఠం తోటలో పెరియే రెండు గొట్టాలు నింపి చూశాడు. రెండూ 26 అంగుళాల మూడున్నర గీతలు (అప్పటి ఫ్రెంచి కొలతలు, మన లెక్కలో సుమారు 71 సెంటీమీటర్లు). ఒక గొట్టాన్ని అక్కడే వదిలి, షాస్తాం అనే మఠం సన్యాసిని కాపలా పెట్టి, రోజంతా కదులుతుందేమో చూస్తూ ఉండమన్నాడు. రెండోదాన్ని పట్టుకుని ఊరిపెద్దల్ని కొందర్ని వెంటేసుకుని వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తెక్కి పుయ్ ద డోమ్ శిఖరం చేరాడు. పైన పాదరసం 23 అంగుళాల రెండు గీతలు. మూడంగుళాల పైగా దిగిపోయింది! నమ్మబుద్ధి కాక శిఖరం మీదే గుడి లోపలా, బయటా, గాలిలోనూ, మంచులోనూ అన్నీ కలిపి అయిదుసార్లు చేసి చూశారు. అదే అంకె. దిగుతూ మధ్యలో ఇంకోసారి చేస్తే మధ్యలో అంకె వచ్చింది. కిందకొచ్చి అడిగితే సన్యాసి చెప్పాడు, పొద్దుట్నుంచీ ఒక్క గీత కూడా కదల్లేదని.

నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే నచ్చేది ఆ సన్యాసే. కొండెక్కింది ఎవరైనా ఎక్కొచ్చు, కింద ఒక గొట్టం కదలకుండా ఉందని చూసే మనిషి లేకపోతే ఆ అంకెలకి విలువ లేదు. వాతావరణం మారి దిగిందేమో అని ఎవరైనా అనేవాళ్లు. (మనవాళ్లు చేసుంటే అలిపిరిలో ఒకర్ని కూర్చోబెట్టి, మెట్లెక్కి తిరుమల వెళ్లేవారు. పాదరసం ఆరు సెంటీమీటర్లకి అటూ ఇటూగా దిగేది.) ఐడియా తనదేనని దెకార్త్ తర్వాత పేచీ పెట్టాడు, ఆ గొడవ ఇక్కడొద్దు.

కొండెక్కితే గాలి తగ్గుతుంది సరే, ఎంత తగ్గుతుంది? గాలి నీళ్లలాంటిదైతే, అంటే నొక్కినా కుదించుకుపోనిదైతే, లెక్క సులువు, ఎనిమిది కిలోమీటర్లెక్కితే గాలి అయిపోవాలి. కానీ గాలి నొక్కితే చిక్కబడుతుంది. 1660లలో బాయిల్ అది కొలిచాడు. 1686లో హేలీ (తోకచుక్క హేలీనే) ఆ రెంటినీ కలిపి, ఎత్తుకీ పాదరసానికీ మధ్య ఉన్నది లాగరిథమ్ సంబంధం అని తేల్చాడు. పై పొర బరువుని కింది పొర మోస్తుంది, మోస్తున్న కొద్దీ చిక్కబడుతుంది, చిక్కబడ్డ కొద్దీ తన బరువు పెరుగుతుంది, దాన్ని ఇంకా కింది పొర మోస్తుంది. పచ్చి రికర్షన్. రికర్షన్‌ని విప్పితే వచ్చేది ఎక్స్‌పొనెన్షియల్. అయిదున్నర కిలోమీటర్లెక్కితే పీడనం సగం. ముప్పై కిలోమీటర్లు దాటితే నూరో వంతు (హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం 1969 నుంచీ బెలూన్లు పంపుతున్నది ఆ ఎత్తులకే). వంద కిలోమీటర్ల దగ్గర ముప్పై లక్షల్లో ఒక వంతు.

ఇప్పుడు గొట్టం ప్రశ్న. అసలు మన వాతావరణానికి మూత ఎక్కడుంది? ఇప్పుడు కూడా పైన తెరిచే ఉంది కదా. గొట్టం వెయ్యడమంటే ఉన్న గాలి స్తంభం చుట్టూ గోడ కట్టడమే. గోడ లోపలి గాలికి గోడ కట్టారన్న సంగతి కూడా తెలీదు.

కానీ తెలివైనవాళ్లు ఇక్కడ ఇంకో మెలిక పెడతారు. ఎలివేటర్ భూమితోపాటు తిరుగుతుంది. భూస్థిర కక్ష్య, అంటే 35,786 కిలోమీటర్ల ఎత్తు దాటాక, అపకేంద్ర బలం గురుత్వాకర్షణని మించిపోతుంది, అక్కడ "కిందకి పడటం" అంటే బయటికి పడటం. మరి గొట్టం అక్కడ దాటితే సైఫన్‌లా పనిచెయ్యదా? మంచి ప్రశ్న. ఇది బలియాని గుట్టే. గొట్టం ఒక గుట్టెక్కి అవతల దిగుతోంది. గుట్ట ఎత్తెంత? ఎక్కే కొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది, భ్రమణం కొంత సాయం చేస్తుంది, అవన్నీ కలుపుకుంటే ఆ 35,786 కిలోమీటర్ల ఎక్కుడు భూమ్మీది గురుత్వాకర్షణతో 4,940 కిలోమీటర్లు ఎక్కడంతో సమానం. నీళ్లకైతే గాలిపీడనం పది మీటర్లు తోస్తుంది, అక్కడితో సరి. గాలికైతే హేలీ లెక్కే: ప్రతి 8.8 కిలోమీటర్లకీ (గొట్టమంతా గది వేడిలో ఉందనుకుంటే) పీడనం 2.7 వంతున తగ్గుతుంది. 4,940ని 8.8తో భాగిస్తే సుమారు 560. అంటే గుట్ట మీద గాలి, కింది గాలిలో 'ఈ' టు ది పవర్ మైనస్ 560, దాదాపు పదికి మైనస్ 244వ ఘాతం. ఈ అంకెని ఫ్లోట్‌లో పెడితే సున్నా అయిపోతుంది, డబుల్ కావాలి. చదరపు మీటరు గాలి స్తంభంలో మొత్తం ఉన్న అణువులే పదికి 29వ ఘాతం స్థాయిలో ఉంటాయి. కాబట్టి ఒక్క అణువు కూడా గుట్ట దాటదు. హైడ్రోజన్ లాంటి తేలిక వాయువులకి ఈ గుట్ట అంత ఎత్తు కాదు. అందుకే గొట్టం ఏమీ లేకుండానే భూమి సెకనుకి మూడు కిలోల చొప్పున హైడ్రోజన్ పోగొట్టుకుంటూనే ఉంది. దాన్ని ఎవరూ లాగడం లేదు, వేడికి అదే గెంతుతోంది.

ఆ 4,940 అనే అంకెని గుర్తుంచుకోండి. ఇప్పుడు కథ రష్యాకి వెళ్తుంది.

1889లో ఈఫిల్ టవర్ కట్టారు. (రెండేళ్లకి కయ్యెతే అనే ఆయన ఆ టవర్‌కి 300 మీటర్ల పాదరసం గొట్టం బిగించి 400 వాతావరణాల పీడనం దాకా కొలిచాడు. టొరిచెల్లి చూసుంటే మురిసిపోయేవాడు.) ఆ టవర్ సంగతి తెలిసి, రష్యాలో ఒక చిన్న ఊళ్లో చెవుడున్న లెక్కల మాస్టారు త్సియోల్‌కోవ్‌స్కీ, దాన్నే పైకి పెంచుకుంటూ పోతే ఏమవుతుందని ఆలోచించాడు. 1895లో అచ్చయిన పుస్తకంలో రాశాడు: ఎక్కే కొద్దీ బరువు తగ్గుతూ, సుమారు 36,000 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా మాయమవుతుంది అని. కట్టడం సాధ్యమని ఆయనా అనుకోలేదు. కింద నుంచి పేర్చుకుంటూ పోయే టవర్‌కి గాలి స్తంభానికున్న తంటానే ఉంటుంది. పైదాన్ని కిందది మోయాలి, దాన్ని ఇంకా కిందది. మోయలేనప్పుడు గాలైతే చిక్కబడుతుంది, టవరైతే నలుగుతుంది, వంగుతుంది.

దీన్ని తలకిందులు చేసింది యూరీ అర్త్సుతానోవ్ అనే లెనిన్‌గ్రాద్ ఇంజనీరు. కింద నుంచి కట్టడం దేనికి, భూస్థిర కక్ష్య నుంచి కిందకో తాడు, సమతూకానికి పైకో తాడు వదిలితే సరి! మోసే పని కింద నేల చెయ్యదు, పైన కక్ష్య చేస్తుంది. 1960 జూలై 31న 'కొమ్సొమోల్స్కయా ప్రావ్దా' పత్రిక ఆదివారం సంచికలో, అంతరిక్షానికి ఎలక్ట్రిక్ రైల్లో వెళ్దాం అనే అర్థం వచ్చే శీర్షికతో దాన్ని రాశాడు. పరిశోధనా పత్రం కాదు, పిల్లలూ పెద్దలూ చదివే పత్రికలో వ్యాసం. దాంతో పడమటి దేశాల్లో ఎవరికీ తెలీలేదు. 1966లో ఐజక్స్, వైన్, బ్రాడ్నర్, బాకస్ అనే నలుగురు అమెరికన్లు 'సైన్స్' పత్రికలో ఇదే ఊహని ప్రచురించారు. వీళ్లు సముద్ర శాస్త్రవేత్తల కోవకి చెందినవాళ్లు. లోతైన సముద్రంలోకి కిలోమీటర్ల కొద్దీ తాడు వదిలి పనిచేసే లోకంలో తాడు తన బరువుకి తెగడం రోజువారీ బెడద. మరుసటేడు సోవియట్ యూనియన్ నుంచి ల్వోవ్ అనే ఆయన అదే పత్రికకి ఉత్తరం రాశాడు, ఇది మావాడు ఏడేళ్ల కిందటే చెప్పాడని. అయినా 1975లో జెరోమ్ పియర్సన్ ఇంకోసారి మొదట్నుంచీ కనిపెట్టాడు! ఆయన 'ఆక్టా ఆస్ట్రనాటికా'లో లెక్కంతా పద్ధతిగా చేశాడు. తాడు ఊగిసలాటలూ, చందమామ లాగే పోటూ, పైన బరువు కట్టకపోతే తాడు 1,44,000 కిలోమీటర్లు ఉండాలనీ అన్నీ అందులో ఉన్నాయి. ఒకే ఐడియా మూడుసార్లు. ఓపెన్ సోర్స్ లేని రోజులు మరి. అర్త్సుతానోవ్ ఈ పేరు మాత్రం చూసుకుని, 2019లో పోయాడు.

ఇక లెక్క. తాడు పైనుంచి వేలాడుతోంది. కింద ముక్క బరువుని పై ముక్క మోయాలి. మోయాలంటే లావు కావాలి, లావైతే తన బరువూ పెరుగుతుంది, దాన్ని ఇంకా పై ముక్క మోయాలి. ఎక్కడో విన్నట్టు లేదూ? హేలీ గాలి స్తంభాన్ని తలకిందులుగా వేలాడదీస్తే ఇదే. గాలి పైకెళ్లే కొద్దీ పలచబడుతుంది, తాడు పైకెళ్లే కొద్దీ లావెక్కుతుంది. సూత్రం ఒక్కటే, గుర్తు మాత్రం మైనస్ బదులు ప్లస్. గుట్ట ఎత్తు కూడా అదే 4,940. గాలికి 8.8 కిలోమీటర్లున్న చోట తాడుకి ఏం పెట్టాలి? గెలీలియో మూరలు! ఒక పదార్థం తన బరువుకి తాను తెగే పొడవు ఎంతో, అది. 4,940ని ఆ పొడవుతో భాగించి, 'ఈ'ని ఆ ఘాతానికి ఎక్కిస్తే, నేల దగ్గరి కంటే భూస్థిర కక్ష్య దగ్గర తాడు ఎన్ని రెట్లు లావుండాలో వస్తుంది. నీళ్ల పంపుకి పనికిరాని జవాబు ఇక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

గెలీలియో రాగినే పెట్టి చూద్దాం. 4,940 భాగించు 2.8, ఘాతం 1,764. ఈసారి డబుల్‌లో కూడా పట్టదు, ఇన్ఫినిటీ అని వస్తుంది. మేలు రకం ఉక్కు తీగ, చాలా ఉదారంగా 5 గిగాపాస్కల్ బలం ఇచ్చేద్దాం, తెగే పొడవు 65 కిలోమీటర్లు. ఘాతం 76, లావు పదికి 33వ ఘాతం రెట్లు. అంటే కింద చదరపు మిల్లీమీటరు తీగ పైకెళ్లేసరికి నెప్ట్యూన్ కక్ష్య కంటే పెద్ద పళ్లెం అయ్యుండాలి. కెవ్లార్‌కి తెగే పొడవు 255 కిలోమీటర్లు, లావు 25 కోట్ల రెట్లు. ఈరోజు కొనుక్కోగలిగిన అతి గట్టి ఫైబర్లు 400 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్నాయి. దాంతో లావు రెండు లక్షల పైచిలుకు రెట్లకి దిగుతుంది. ఉక్కుతో పోలిస్తే ఎంత పడిపోయిందో చూశారా? ఘాతంలో ఉన్న అంకె కాబట్టి పదార్థం ఆరు రెట్లు మెరుగైతే జవాబు పదికి 28వ ఘాతం తగ్గింది. ఆశ పుట్టేదీ ఇక్కడే, మోసపోయేదీ ఇక్కడే.

1991లో ఈజిమా కార్బన్ నానోట్యూబుల్ని లోకానికి చూపించాక, 2000లో ఒక్కో ట్యూబుని పట్టి లాగి చూస్తే బయటి పొర 63 గిగాపాస్కల్ దాకా ఆగింది. ఏ సాంద్రత వాడతామన్నదాన్ని బట్టి తెగే పొడవు 3,000 నుంచి 5,000 కిలోమీటర్లు. లావు అయిదారు రెట్లో, మూడు రెట్లో! అకస్మాత్తుగా లెక్క కుదిరిపోయింది. బ్రాడ్ ఎడ్వర్డ్స్ నాసా నిధులతో 2000 నుంచి 2003 వరకూ పూర్తి డిజైన్ రాశాడు. లక్ష కిలోమీటర్ల పలచటి రిబ్బన్, పసిఫిక్‌లో భూమధ్యరేఖ మీద తేలే వేదిక, గంటకి 200 కిలోమీటర్ల వేగంతో పాకే బండి, కింద నుంచి లేజర్‌తో కరెంటు. ఆ వేగంతో భూస్థిర కక్ష్యకి వారం పైనే. (కరెంటు ఖర్చంటారా? కిలోకి 48.4 మెగాజౌళ్లు, అంటే పదమూడున్నర యూనిట్లు. డెబ్భై కేజీల మనిషికి వెయ్యి యూనిట్ల లోపు, నష్టాలు వదిలేస్తే. రాకెట్‌తో పోల్చుకోండి.)

నాసా పందేలు పెట్టింది, వాటి ఫలితాలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2009లో లేజర్‌మోటివ్ అనే జట్టు హెలికాప్టర్ నుంచి వేలాడదీసిన కిలోమీటరు తాడుని లేజర్ శక్తితో ఎక్కి 9 లక్షల డాలర్లు గెల్చుకుంది. గట్టి తాడు పందెం 2005 నుంచి 2011 దాకా పెడుతూనే ఉన్నారు. ఎవ్వరూ గెలవలేదు. బండి కష్టం కాదు, తాడు కష్టం. జపాన్‌లో ఒబయాషి అనే నిర్మాణ సంస్థ 2012లో, 2050కల్లా 96,000 కిలోమీటర్ల తాడుతో ఎలివేటర్ కడతామని ప్రకటించింది. 2025లో పని మొదలుపెట్టాలన్నది అప్పటి అంచనా. మొదలవలేదు. చైనాలో త్సింగ్‌హువా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో అర మీటరు పొడవు నానోట్యూబుల్ని పెంచారు, 2018లో సెంటీమీటర్ల పొడవు కట్టల్లో 80 గిగాపాస్కల్ దాటి చూపించారు. నిజంగా గొప్ప పని. కానీ అర మీటరుకీ లక్ష కిలోమీటర్లకీ మధ్య ఇరవై కోట్ల రెట్లుంది. పైగా అన్ని కోట్ల ముక్కల్లో ఒక్క చోట లోపం ఉంటే అక్కడే తెగుతుంది. తాడుకి సగటు బలం అనేది లేదు, అతి బలహీనమైన చోటు బలమే దాని బలం.

మొదటి వర్గంతో నా పేచీ ఇక్కడే. మనం మూర్ నియమం చూస్తూ పెరిగినవాళ్లం. రెండేళ్లకోసారి రెట్టింపవడం లోకరీతి అనుకుంటాం. తెగే పొడవుల చరిత్ర చూడండి: 1638లో గెలీలియో రాగి 2.8, ఇవాళ్టి అతి మంచి ఫైబర్ 400. దాదాపు నాలుగు శతాబ్దాల్లో నూటనలభై రెట్లు. అంటే సగటున యాభై ఏళ్లకోసారి రెట్టింపు. ట్రాన్సిస్టర్‌ని చిన్నది చేస్తూ పోవడానికి కింద చాలా చోటుండేది. తాడు బలానికి పైన చోటు తక్కువ, కార్బన్ అణువుల మధ్య బంధమే ఆ కప్పు. నానోట్యూబ్ ఇప్పటికే ఆ కప్పుకి తల తగులుతోంది. ఎలివేటర్ కుదురుతుందా అన్న ప్రశ్న కాస్తా, కప్పుకి ఎంత దగ్గరగా ఎంత పొడవు నెయ్యగలం అన్న ప్రశ్నగా మారిపోయింది. దీన్ని అసాధ్యం అనను. "ఇరవై ఏళ్లు" అని మాత్రం ఏ క్లయింట్‌కీ ఎస్టిమేట్ ఇవ్వను.

గాలి పూర్తిగా నిర్దోషి అనుకోకండి. లాగేయడం అబద్ధం గానీ, లక్ష కిలోమీటర్ల తాడుకి అడుగున ఉన్న పది పదిహేను కిలోమీటర్లే పెద్ద తలనొప్పి. గాలివానలు అక్కడే, పిడుగులు అక్కడే, మంచు పేరుకునేది అక్కడే. ఎడ్వర్డ్స్ పసిఫిక్‌లో వేదిక పెట్టమన్నది అందుకే. భూమధ్యరేఖ మీద తుపానులు పుట్టవు, వేదిక తేలేది కాబట్టి తాడుని పక్కకి జరపొచ్చు. మన శ్రీహరికోట భూమధ్యరేఖకి పదమూడున్నర డిగ్రీలు పైన, తుపానుల దారిలో ఉంది, రాకెట్లకి బాగుంటుంది గానీ దీనికి కుదరదు. 1956 నుంచీ శ్రీలంకలోనే ఉండిపోయిన ఆర్థర్ క్లార్క్ 1979 నాటి నవలలో ఈ ఎలివేటర్‌ని తన ఊరి కొండ మీదే కట్టాలనుకుని, దానికోసం దీవి దీవినే దక్షిణానికి జరిపి భూమధ్యరేఖ మీద పెట్టేశాడు. నవలాకారుడికి ఆ వెసులుబాటుంది.

పియర్సన్ కూడా చివర్లో జాగా మార్చాడు. 2005లో నాసా నిధులతో ఆయన చేసిన అధ్యయనం భూమికి కాదు, చందమామకి. అక్కడ గురుత్వాకర్షణ ఆరో వంతు, తాడు భూమి వైపున్న సమతూక బిందువు దాటి వేలాడుతుంది, గుట్ట చాలా చిన్నది, ఇప్పుడున్న ఫైబర్లతోనే లెక్క కుదురుతుంది. గాలి ఎలాగూ లేదు కాబట్టి పిడుగుల బెంగా లేదు, గొట్టం వేస్తే ఏం పోతుందని అడిగేవాళ్లూ ఉండరు.